తాతార్‌స్తాన్‌లో ఒక పల్లె రాయోన్: అర్స్క్‌ని ఎవరు పాలిస్తారు, డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది?

పటాల_పిచ్చి
రష్యాలోని తాతార్‌స్తాన్ రిపబ్లిక్‌కి తెలుగులో ఒక పటం గీస్తున్నా. దాని రాజధాని కజాన్‌కి ఈశాన్యంగా 65 కిలోమీటర్ల దూరంలో అర్స్క్ అని చిన్న టౌను ఉంది. దాని చుట్టూ ఉన్నది అర్స్క్ రాయోన్, అంటే జిల్లా లాంటి పాలనా విభాగం. వైశాల్యం 1,840 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, జనం యాభై వేల చిల్లర. అందులో టౌనులోనే 20 వేల మంది దాకా ఉంటారు. మిగతావాళ్లంతా వందకు పైగా పల్లెల్లో చెదురుమదురుగా ఉన్నారు. పటం పక్కన పాలన గురించి నాలుగు ముక్కలు రాయాలి. ఎక్కడ వెతికినా "జిల్లా" అని ఒక్క మాట రాసి వదిలేశారు. అక్కడ కలెక్టరు లాంటి అధికారి ఉంటాడా? జనం ఓట్లేసి ఎన్నుకునేది ఎవరిని? ఊరికి రోడ్డు వేయాలంటే ఎవరి జేబులోంచి తీస్తారు? తెలిసినవాళ్లు విడమర్చి చెప్పండి.

ఓరుగల్లు_పిల్ల
యాభై వేల మందికి ఒక జిల్లానా! మా దగ్గర 2016లో 10 జిల్లాల్ని 31 చేసి, 2019కల్లా 33కి తెచ్చినందుకే ఇంకా తగువులాడుకుంటున్నం.

రైలుబండి
అర్స్క్ కజాన్–అగ్రిజ్ లైన్ మీద ఉంది. అదే లైను ముందుకు పోయి యెకతెరిన్‌బర్గ్ చేరుతుంది. కజాన్ నుంచి అర్స్క్‌కి లోకల్ కరెంటు రైళ్లు ఉన్నాయి, వాటిని అక్కడ ఎలెక్త్రీచ్కా అంటారు. పాలన సంగతి నాకు తెలియదుగానీ పటంలో ఆ లైను మాత్రం గీయండి. కుక్మోర్ కూడా దాని మీదే వస్తుంది.

పాత_తాసిల్దారు
పేరు మండలమా జిల్లానా అన్నది పక్కన పెట్టండి. ఏ దేశంలోనైనా ఒక పాలనా విభాగం అర్థం కావాలంటే మూడు సంగతులు అడగాలి. పైన కూర్చున్నవాణ్ణి ఎవరు పెట్టారు, ఎవరు తీసేయగలరు, పోలీసు ఎవరి మాట వింటాడు. ఈ మూడూ తెలిస్తే మిగతావి వాటంతటవే తెలుస్తాయి.

వోల్గా_వాసి
కజాన్‌లో చాలా ఏళ్లుగా ఉంటున్నాను, మా ఆవిడ వాళ్లది అర్స్క్ పక్క పల్లె. కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిక పట్టండి.

తాతార్‌స్తాన్‌లో 43 మునిసిపల్ రాయోన్లు ఉన్నాయి. వీటికి తోడు కజాన్, నాబెరెజ్నియె చెల్నీ అనే రెండు నగరాలు విడిగా ఉంటాయి. రాయోన్ లోపల మళ్లీ చిన్న విభాగాలున్నాయి. టౌనుకి ఒకటి, పల్లెలకు పదికి పైగా. ఒక్కో పల్లె విభాగంలో నాలుగైదు ఊళ్లో, పదో కలిసి ఉంటాయి. మన గ్రామ పంచాయతీ పరిధిలో శివారు గ్రామాలు ఉంటాయే, అలాగన్నమాట. ఈ రెండంచెల పద్ధతి 2003 నాటి సమాఖ్య చట్టంతో వచ్చింది, 2006 నుంచి పూర్తిగా నడుస్తోంది.

జనం నేరుగా ఓటు వేసేది ఈ కింది విభాగపు కౌన్సిలుకి మాత్రమే. అయిదేళ్లకోసారి ఎన్నికలు, 2020లో ఒకసారి, ఆ తర్వాత 2025లో జరిగాయి. కింది విభాగాల అధిపతులు, ఆ కౌన్సిళ్ల నుంచి పంపిన సభ్యులు కలిస్తే అది రాయోన్ కౌన్సిలు. ఆ కౌన్సిలు తనలోంచి రాయోన్ అధిపతిని ఎన్నుకుంటుంది. ఆయనే కౌన్సిలుకి అధ్యక్షుడు కూడా. రోజువారీ పని చూసేది కార్యనిర్వాహక కమిటీ, దాని పెద్ద వేరే మనిషి. రోడ్లు, బళ్లు, కుళాయిలు, చెత్త, క్లబ్బులు అన్నీ ఆ కమిటీ నెత్తిన ఉంటాయి.

తాసిల్దారు గారి మూడో ప్రశ్నకి జవాబు: పోలీసు, ప్రాసిక్యూటరు, కోర్టు, పన్నుల శాఖ, సైనిక భర్తీ కార్యాలయం ఇవేవీ రాయోన్ అధిపతి చేతిలో లేవు. వాటికి కళ్లెం మాస్కోలో ఉంటుంది.

పాత_తాసిల్దారు
వోల్గా_వాసి గారూ, మీరు చెప్పింది అచ్చం మన పంచాయతీ సమితి! 1959లో ఆంధ్రప్రదేశ్‌లో సమితులు పెట్టినప్పుడు బ్లాకులోని సర్పంచులంతా హోదా రీత్యా సమితి సభ్యులే. వాళ్లలోంచి సమితి ప్రెసిడెంటు వచ్చేవాడు. జనం ఓటు గ్రామ పంచాయతీ దగ్గరే ఆగిపోయేది. ఆ పద్ధతిలో ఒక బలం ఉండేది, సమితి మీటింగులో కూర్చున్న ప్రతివాడికీ తన ఊరి బోరుబావి సంగతి తెలుసు. ఒక జబ్బు కూడా ఉండేది: సర్పంచుల్ని ఎవరు గుప్పిట్లో పెట్టుకుంటే సమితి వాళ్లదే.

పటాల_పిచ్చి
అంటే రాయోన్ అధిపతి ఎంపీపీ లాంటివాడా? పరోక్ష ఎన్నిక అయ్యేసరికి అలాగే తోస్తోంది.

వోల్గా_వాసి
ఎన్నిక తీరు చూస్తే ఎంపీపీ. బలం చూస్తే కలెక్టరు దరిదాపుల్లో ఉంటాడు. కాగితం మీద కౌన్సిలు ఎన్నుకుంటుంది, నిజానికి కజాన్ మెచ్చని మనిషి ఆ కుర్చీలో కూర్చోవడం నేనెరగను. మింతిమెర్ షైమియెవ్ తాతార్‌స్తాన్ అధ్యక్షుడిగా ఉన్న రోజుల్లో (1991 నుంచి 2010 దాకా) రాయోన్ పాలనాధిపతుల్ని ఆయనే నియమించేవారు. ఆ అలవాటు వ్యవస్థలో ఇంకా మిగిలే ఉంది.

ఈ కుర్చీని చిన్నదిగా చూడకండి. ఇప్పటి రిపబ్లిక్ అధినేత రుస్తమ్ మిన్నిహానొవ్ 1990ల మొదట్లో పనిచేసింది అర్స్క్ రాయోన్‌లోనే, ఆ తర్వాత పక్కనున్న వైసోకొగోర్స్కీ రాయోన్‌కి పాలనాధిపతి అయ్యారు. అక్కణ్ణుంచి 1996లో ఆర్థిక మంత్రి, 1998లో ప్రధాని, 2010లో అధ్యక్షుడు. 2023 నుంచి ఆ పదవిని అధ్యక్షుడు అనకుండా "రయీస్" అంటున్నారు, ఎందుకంటే రిపబ్లిక్ అధినేతల్ని అధ్యక్షుడు అనకూడదని 2021లో సమాఖ్య చట్టం చేశారు.

మెట్ట_రైతు
పాలన తర్వాత, ముందు నేల ఎలాంటిదో చెప్పండి. ఏం పండుతుంది?

చరిత్ర_చదువరి
తాతార్‌స్తాన్‌ని నదులు మూడు ముక్కలు చేస్తాయి. కామా నదికి ఉత్తరాన ఒకటి, వోల్గాకి పడమట ఒకటి, కామాకి దక్షిణాన పెద్ద ముక్క. అర్స్క్ ఉత్తరపు ముక్కలో ఉంది. తాతారులు ఆ ప్రాంతాన్ని "కజాన్ వెనక సీమ" అంటారు. దక్షిణాన ఉన్న మంచి నల్లరేగడి ఇక్కడికి రాదు. ఇక్కడివి అడవి కొట్టిన బూడిదరంగు నేలలు, ఏటవాలు పొలాలు, వానకీ మంచు కరిగిన నీటికీ కోసుకుపోయిన గండ్లు. కజాంకా నది పుట్టింది ఈ రాయోన్‌లోనే, అపాయ్కినా గార్ అనే ఊరి దగ్గర. అక్కణ్ణుంచి పారి, కజాన్ కోట గోడల కింద వోల్గాలో కలుస్తుంది. 1950ల్లో వోల్గా మీద కట్టిన కుయిబిషెవ్ రిజర్వాయరు నిండాక ఆ నది చివరి భాగం వెడల్పుగా చెరువులా తయారైంది. అర్స్క్ వైపు మాత్రం అది ఇప్పటికీ చిన్న ఏరే.

వోల్గా_వాసి
పంట సంగతి నేను చెప్తా. శీతాకాలపు గోధుమ, రై ధాన్యం ఆగస్టు చివర విత్తుతారు, మొలకెత్తాక మంచు కప్పేస్తుంది, ఏప్రిల్‌లో మంచు కరిగాక మళ్లీ లేస్తుంది. మంచు మందంగా పడితే రైతుకి నిశ్చింత, ఎందుకంటే మంచు లేని గడ్డకట్టే చలి పైరుని చంపేస్తుంది. వసంతంలో బార్లీ, వోట్లు, పశువుల మేత, బంగాళదుంప వేస్తారు. నిలకడగా డబ్బు వచ్చేది పాల మీదనే. పెద్ద పొలాలన్నీ పాత కల్హోజుల (సోవియట్ కాలపు ఉమ్మడి వ్యవసాయ క్షేత్రాల) వారసులైన కంపెనీల చేతిలోనో, రైతుల చేతిలోనో ఉన్నాయి. ఇంటి వెనక ఆవు మాత్రం సొంతం. సొంత ఆవు పెంచుకునే ఇంటికి రిపబ్లిక్ బడ్జెట్ నుంచి ఆవుకింత అని సాయం వస్తుంది, ఆ లిస్టు రాసేది ఊరి పాలనా కార్యాలయమే.

మెట్ట_రైతు
ఆవుకి నేరుగా డబ్బా! మా దగ్గర ఆవుకి కన్నా ఆవు మీద లోనుకి ఎక్కువ ఇస్తారు.

కజాన్_కుర్రోడు
నేను ఇక్కడ మెడిసిన్ నాలుగో సంవత్సరం. మనోళ్లు చాలామందే ఉన్నారు, రెండు రాష్ట్రాల వాళ్లమూ. క్లాస్‌మేట్ వాళ్ల నానమ్మ ఊరు అర్స్క్ రాయోన్‌లోనే ఉంది, సెలవుల్లో తీసుకెళ్లాడు. పటాల_పిచ్చి అన్నా, నీ పటంలో ఎక్కని సంగతి ఒకటి చెప్తా. ఊరంతా పసుపురంగు గ్యాసు గొట్టాలే! నేలలో పాతలేదు, మనిషి ఎత్తున కంచెల వెంబడి పోతాయి. గేటు దగ్గరికి రాగానే గొట్టం తలుపు ఆకారంలో పైకి లేచి, దాటి, మళ్లీ కిందికి దిగుతుంది. గడ్డి బండి పట్టాలి కదా మరి. ప్రతి ఇంట్లో గ్యాసు బాయిలరు ఉంది. బయట మైనస్ ఇరవై, లోపల బనియన్ మీద కూర్చున్నాం. నానమ్మని వాళ్లు "అబీ" అంటారు, నేనూ అలాగే పిలిచా. పాలు పోసిన టీ ఇచ్చింది. రష్యాకి వచ్చాక నల్ల టీతో విసిగిపోయున్నానేమో, కళ్లనీళ్లొచ్చాయి.

ఓరుగల్లు_పిల్ల
తమ్మీ, అబీకి మా దండాలు చెప్పు. అక్కడ ఊళ్లో దవాఖాన ఉందా? నువ్వు చదివేదే అది గనుక అడుగుతున్న.

కజాన్_కుర్రోడు
ఉంది అక్కా. ఊళ్లో డాక్టరుండడు, ఫెల్షర్ ఉంటారు. మన సబ్ సెంటర్‌లో ఏఎన్ఎం కంటే ఎక్కువ చదివి, డాక్టరు కంటే తక్కువ చదివినవాళ్లు. బీపీ, సూది, కట్టు, గర్భిణుల చెకప్ వరకు అక్కడే. అంతకు మించితే అర్స్క్‌లో రాయోన్ కేంద్ర ఆసుపత్రి, అదీ దాటితే కజాన్. ఫెల్షర్ సెలవు పెడితే ఊరు మొత్తం ఇబ్బంది పడుతుంది. మేం వెళ్లిన వారం ఆవిడ లేరు. ఒక పెద్దాయన బీపీ చూడమని నా దగ్గరికే వచ్చాడు. మెషీను వాళ్లింట్లోదే. చూసి, అంకె చెప్పి, అర్స్క్ వెళ్లమన్నా. అంతకు మించి చెప్పే అర్హత నాకింకా లేదు కదా.

పటాల_పిచ్చి
నా మూడో ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. ఊరి రోడ్డుకి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది?

వోల్గా_వాసి
దీనికోసమే ఆగాను, ఈ చర్చ మొత్తానికి నాకు నచ్చిన భాగం ఇదే.

కింది విభాగానికి సొంతంగా వచ్చేది భూమి పన్ను, ఇళ్ల మీద ఆస్తి పన్ను, జీతాల మీద ఆదాయపు పన్నులో చిన్న వాటా. పల్లెలో ఇదంతా కలిపినా జీతాలకూ వీధి దీపాలకూ సరిపోదు. మిగతాది పైనుంచి గ్రాంటుగా రావాల్సిందే. దీనికి తాతార్‌స్తాన్ ఒక దారి కనిపెట్టింది. ఊరివాళ్లు తమ మీద తామే పన్ను వేసుకుంటారు. తలకి ఇంత అని, ఏ పనికో ముందే రాసి, ఓటింగు పెడతారు. మొత్తం కొన్ని వందల రూబుళ్లు కావచ్చు, వెయ్యి కావచ్చు, ఊరి ఇష్టం. నెగ్గితే జనం కట్టిన ప్రతి రూబులుకీ రిపబ్లిక్ నాలుగు రూబుళ్లు కలుపుతుంది.

లెక్క చూడండి. ఊళ్లో 400 మంది పెద్దవాళ్లు తలా 500 కట్టారనుకుందాం. రెండు లక్షలు. పైనుంచి ఎనిమిది లక్షలు. పది లక్షల రూబుళ్ల పని ఊళ్లోకి వస్తుంది. కంకర రోడ్డు, వీధి దీపాలు, నీటి పైపులు, శ్మశానానికి కంచె, శీతాకాలంలో మంచు తీసే ఖర్చు ఇలాంటివి. మా అత్తగారి ఊళ్లో ఖబరస్తాన్‌కి ఇనప కంచె వచ్చింది ఇలాగే. ఎన్నాళ్లనుంచో మేకలు లోపలికి పోతున్నాయని గొడవ ఉండేది.

మెట్ట_రైతు
ఒకటికి నాలుగు ఇస్తానంటే వద్దనేది ఎవరు? దాన్ని ఊరి నిర్ణయం అంటే ఎలాగండీ, ఎర వేసి పట్టడం కాదూ! ఆ నాలుగు రూబుళ్లూ మొదటే గ్రాంటుగా ఇచ్చేస్తే పేదవాడి దగ్గర 500 గుంజే అవసరం ఏముంది?

పాత_తాసిల్దారు
నేను రైతుగారితో ఒప్పుకోను. ఇంటి పన్ను వసూలుకి తిరిగినవాణ్ణి. గ్రాంటుతో వేసిన రోడ్డు గుంట పడితే "గవర్నమెంటు రోడ్డు" అంటారు. తాను అయిదొందలు కట్టిన రోడ్డు గుంట పడితే కంట్రాక్టరు ఇంటి ముందు నిలబడతారు. ఆ అయిదొందల విలువ అక్కడుంది.

మెట్ట_రైతు
నిలబడేవాళ్లు నిలబడతారు తాసిల్దారు గారూ. కట్టలేని ముసలమ్మ సంగతేంటి? ఓటింగులో ఊరంతా ఔనంటే ఆమె కూడా కట్టాల్సిందేగా.

వోల్గా_వాసి
ఇద్దరి మాటా నిజమే. రాయితీలు పెట్టుకునే వీలుంది. వికలాంగులకి, విద్యార్థులకి, సైన్యంలో ఉన్నవాళ్లకి మినహాయింపు రాస్తుంటారు, కానీ అదీ ఊరూరికీ మారుతుంది. ఓటర్లలో సగానికి పైగా వస్తేనే ఈ ఓటింగు, అంటే రెఫరెండం, చెల్లుతుంది. వీగిపోయిన చోట్లూ ఉన్నాయి. అందరూ అనుకునేంత ఏకగ్రీవం కాదు. నాకు తెలిసిన ఒక ఊళ్లో "కిందటేడు చెప్పిన దీపాలే ఇంకా వెలగలేదు, ముందు అవి వెలిగించండి" అని కాదన్నారు.

ఇంకోటి, జనవరి, ఫిబ్రవరి నెలల్లో ప్రతి ఊళ్లో గ్రామసభ జరుగుతుంది. పొలం పని ఉండదు కాబట్టి జనం వస్తారు. రాయోన్ అధిపతి, పోలీసు, ఆసుపత్రి పెద్ద, గ్యాసు వాళ్లు క్లబ్బులో ముందు వరసలో కూర్చుంటారు. ఏడాది లెక్క చదువుతారు, తర్వాత ప్రశ్నలు. మా మామగారు ప్రతిసారీ బస్సు గురించే లేస్తారు. ఒకసారి సాయంత్రం ట్రిప్పు వేశారు, తర్వాత తీసేశారు, ఆయన మళ్లీ లేచారు.

పాత_తాసిల్దారు
మీ మామగారి లాంటివాళ్లు ఊరికొకరు ఉంటే చాలు.

ఓరుగల్లు_పిల్ల
నేను టీచర్ని, బడి సంగతి చెప్పండి. పల్లె బళ్లలో ఏ భాషల చెప్తరు?

వోల్గా_వాసి
రిపబ్లిక్ రాజ్యాంగం ప్రకారం తాతార్, రష్యన్ రెండూ అధికార భాషలే. అర్స్క్ రాయోన్‌లో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా తాతారులే, వీధిలో మీకు వినబడేది తాతారే. కానీ 2017లో పాఠశాలల్లో తాతార్ పాఠం తప్పనిసరి కాదన్నారు. అమ్మానాన్న రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే చెప్పాలి. పల్లెల్లో దాదాపు అందరూ ఒప్పుకుంటారు. అసలు దెబ్బ తగిలింది పై చదువుల దగ్గర. దేశమంతటా రాసే ఆఖరి పరీక్ష రష్యన్‌లోనే, కాబట్టి పెద్ద తరగతుల్లో లెక్కలు, సైన్సు రష్యన్‌లోకి జరిగిపోతున్నాయి. పిల్లలు తగ్గిన ఊళ్లో బడి మూసి, పసుపురంగు బస్సులో పెద్ద ఊరి బడికి తీసుకెళ్తారు.

ఓరుగల్లు_పిల్ల
బడి మూసిన ఊళ్లకి మళ్లీ పిల్లల్లున్న కుటుంబాలు రావు. నేను ఇక్కడ కండ్లారా చూస్తున్న. బస్సు పెట్టినం కదా అంటరు, ఆరేండ్ల పిల్ల పొద్దుగాల చీకట్ల లేచి బస్సెక్కుడు వాళ్ల లెక్కల ఉండదు. అక్కడైతే మంచు గూడ!

చరిత్ర_చదువరి
అర్స్క్‌కి ఈ బాధ మరీ ఎక్కువగా ఉంటుంది, ఎందుకంటే అది తాతార్ టీచర్లని తయారుచేసిన ఊరు. అక్కడి పెడగాజికల్ కాలేజీకి కవి గబ్దుల్లా తుకాయ్ పేరు పెట్టారు. తుకాయ్ 1886లో ఈ రాయోన్‌లోని కొష్లావుచ్‌లో పుట్టాడు. పసితనంలోనే తల్లీతండ్రీ పోతే కొంతకాలం కిర్లాయ్ అనే ఊళ్లో ఒక రైతు ఇంట్లో పెరిగాడు. 26 ఏళ్లు దాటి 27 నిండకుండానే, 1913లో పోయాడు. అయినా తాతారులకి ఆయనే పెద్ద కవి. ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 26ని మాతృభాషా దినంగా జరుపుతారు. కిర్లాయ్‌లో మ్యూజియం ఉంది.

పాలన చరిత్ర కూడా రెండు ముక్కల్లో: కజాన్ ఖానేట్ (ఖాన్‌ల రాజ్యం) కాలంలో దేశాన్ని "దారుగా"లుగా విడదీశారు, అందులో ఒకటి అర్స్క్ దారుగా. 1552లో రష్యా జారు నాలుగో ఇవాన్ కజాన్‌ని పట్టుకున్నాక కూడా చాలాకాలం అదే పేరు కాగితాల్లో నడిచింది. 1920లో తాతార్ స్వయంప్రతిపత్తి రిపబ్లిక్ వచ్చినప్పుడు కాంటన్లు పెట్టారు, 1930లో వాటిని రద్దు చేసి రాయోన్లు పెట్టారు. ఇప్పటి అర్స్క్ రాయోన్ వయసు అక్కణ్ణుంచి లెక్క.

పటాల_పిచ్చి
పక్కనే అత్న్యా అని ఇంకా బుల్లి రాయోన్ కనబడుతోంది. 13 వేల మంది జనం! అది విడిగా ఎందుకు?

వోల్గా_వాసి
అది సోవియట్ కాలంలో అర్స్క్‌లో కలిపేశారు, 1990లో మళ్లీ విడదీశారు. దాని కేంద్రం టౌను కూడా కాదు, పెద్ద ఊరు. జనంలో దాదాపు అందరూ తాతారులే. రైలు లేదు.

ఓరుగల్లు_పిల్ల
13 వేల మందికి అధిపతి, కమిటీ, ఆఫీసులు, కార్లు! ఇది దండగ కాదా?

పాత_తాసిల్దారు
1985కి ముందు తాలూకా ఆఫీసుకి పోవాలంటే కొన్ని ఊళ్లవాళ్లకి ఒక రోజు పోయేది. మండలాలు వచ్చాక ఆ రోజు మిగిలింది. ఆ రోజు కూలి లెక్కలో వేయండి, అప్పుడు దండగో కాదో చెప్పండి.

వోల్గా_వాసి
అత్న్యా వాళ్లు ఒప్పుకోరు కూడా. కలిపితే ఆసుపత్రి, బడి, కోర్టు అన్నీ ఒక్కొక్కటే పక్క టౌనుకి పోతాయని వాళ్ల భయం. ఈ భయమే 2025లో పెద్ద రాజకీయం అయింది. ఆ ఏడాది మార్చిలో స్థానిక పాలన మీద కొత్త సమాఖ్య చట్టం వచ్చింది. మొదటి ముసాయిదాలో కింది విభాగాలన్నీ రద్దు చేసి, రాయోన్‌ని ఒక్క అంచెగా చేయాలని ఉంది. గట్టిగా అడ్డం పడ్డవాళ్లలో తాతార్‌స్తాన్ ముందుంది. చివరికి రెండంచెలు ఉంచుకోవాలా వద్దా అన్నది ప్రాంతాల ఇష్టానికి వదిలారు, తాతార్‌స్తాన్ ఉంచుకుంది. నాకైతే ఇది చిన్న విజయంగా అనిపించలేదు. కింది అంచె పోతే గ్రామసభలో మా మామగారు లేచి అడిగే మనిషి ఊళ్లో ఉండడు, ముప్పై కిలోమీటర్ల అవతల ఉంటాడు.

మెట్ట_రైతు
దీనికి మాత్రం నేనూ చేయెత్తుతా.

రైలుబండి
చూడాలంటే ఏ నెలలో పోవాలి? రైలు దిగి కిర్లాయ్‌కి ఎలా?

వోల్గా_వాసి
జూన్‌లో రండి. వసంతపు విత్తనాలు అయ్యాక సబంతుయ్ పండగ చేస్తారు, ముందు పల్లె రాయోన్లలో, ఆ తర్వాత కజాన్‌లో. కజాన్‌ది పెద్దదిగానీ చూడాల్సింది రాయోన్‌దే. నడుముకి తువ్వాలు చుట్టి పట్టే కుస్తీ ఉంటుంది, ఆఖరున గెలిచినవాడు పొట్టేలుని భుజాన వేసుకుని మైదానం చుట్టూ తిరుగుతాడు. అర్స్క్‌లో తోలు ముక్కలు రంగురంగులుగా కలిపి కుట్టే బూట్లు చేస్తారు, అవీ చూడొచ్చు. కిర్లాయ్ రైలు లైన్ మీద లేదు. అర్స్క్‌లో దిగి టాక్సీ మాట్లాడుకోండి, వెనక్కి కూడా అదే టాక్సీని ఉండమనండి. సాయంత్రం బస్సు సంగతి పైన చెప్పాను కదా.

కజాన్_కుర్రోడు
రైలుబండి అన్నా, వచ్చే ముందు ఇక్కడ రాయి. పరీక్షలు జూన్ చివరికి అయిపోతాయి, నేనూ వస్తా. ఎవరింట్లోనైనా ఉండేట్టయితే విదేశీయులకి రిజిస్ట్రేషన్ గడువు ఉంటుంది, అది ఇంటివాళ్లు చేయించాలి, ముందే మాట్లాడుకోవాలి. అది రాయోన్ కమిటీ పని కాదు, పోలీసు శాఖలో వలసల విభాగానిది.